రాతి సింహం ఎలా లేచింది?

ప్రశ్న: మిత్రులం కొందరం కలిసి ఇటీవల సోవియట్ మూకీ చిత్రం 'బ్యాటిల్‌షిప్ పొటెమ్‌కిన్' చూశాం. ఓడ ఫిరంగులు పేలగానే నిద్రపోతున్న రాతి సింహం దిగ్గున లేచింది. గ్రాఫిక్స్ లేని 1925లో అది ఎలా సాధ్యమైంది? మాంటేజ్ అంటే ఇదేనా? మన మాంటేజ్ పాటలూ ఇదీ ఒకటేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీరు చూసింది ఒక సింహాన్ని కాదు, మూడింటిని. క్రిమియాలోని అలుప్కాలో వొరొంత్సోవ్ ప్రాసాదం మెట్ల పక్కన పాలరాతి సింహాలున్నాయి. ఒకటి నిద్రలో ఉంటుంది, ఒకటి మేలుకుంటుంటుంది, మరొకటి లేచి ఉంటుంది. కథ జరిగే ఒడెస్సాలో అవి లేనేలేవు. దర్శకుడు ఐజెన్‌స్టీన్ మూడింటినీ విడివిడిగా తీయించి, రెప్పపాటు ముక్కలుగా వరుసన అతికించేసరికి, ఒడెస్సా మెట్ల మీద సైనికులు జనంపై జరిపిన మారణకాండకు రాళ్లు సైతం లేచాయన్న భావం పుట్టింది. ఆ భావం ఏ ఒక్క ముక్కలోనూ లేదు, అతుకులో ఉంది. మాంటేజ్ అంటే అదే.

లేపాక్షిలో ఒకే ఒంటికి మూడు తలలున్న ఎద్దు శిల్పం మీరు చూసే ఉంటారు. రెండు తలలను చేత్తో మూస్తే మిగిలిన తలతో ఒక్కోసారి ఒక్కో భంగిమ కనబడుతుంది. ఆ శిల్పి ఒక దేహంలో మూడు భంగిమలు ఇమిడ్చితే, ఐజెన్‌స్టీన్ మూడు దేహాల నుంచి ఒక కదలికను రాబట్టాడు. రెంటిలోనూ పని పూర్తిచేసేది చూసేవారి కన్నే.

ఈ విద్యకు పునాది పడింది కొరత రోజుల్లోనే. రష్యా విప్లవం తరువాత ముడి ఫిల్ము దొరకక, 1919లో మాస్కోలో ఏర్పడిన సినిమా పాఠశాలలో పాత చిత్రాలనే కత్తిరించి, మళ్లీ అతికించి నేర్చుకునేవారు. అక్కడి గురువు కులెషోవ్ నటుడు మొజుఖిన్ ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన చేర్చి చూపితే, మారని ఆ ముఖంలోనే ప్రేక్షకులకు ఆకలీ దుఃఖమూ కనిపించాయని చెబుతారు. ఆయన శిష్యుడు పుదోవ్‌కిన్ షాట్లను ఇటుకల్లా పేర్చాలన్నాడు. ఐజెన్‌స్టీన్ మాత్రం అవి ఢీకొనాలన్నాడు. సింహాల విషయంలో నాకు ఐజెన్‌స్టీన్ మాటే సబబనిపిస్తుంది.

మన మాంటేజ్ పాట నెలల కథను నాలుగు నిమిషాల్లోకి కుదిస్తుంది. ఒడెస్సా మెట్ల ఘట్టం అందుకు విరుద్ధం: సైనికులు దిగుతూనే ఉంటారు, మెట్లు తరగవు, పసిబిడ్డ బండి అంచున ఊగుతూనే ఉంటుంది. ఈసారి చూసినప్పుడు ధ్వని ఆపేసి, ఆ బండి కనిపించే ముక్కలను మాత్రం లెక్కపెట్టండి.