గుండె ఆగి కొట్టుకుంటున్నట్టు అనిపిస్తే

రాత్రి పడుకోగానే గుండె ఒక్క క్షణం ఆగి, మళ్లీ దబ్బున కొట్టుకుంటున్నట్టు ఉంటోందనీ, ఈసీజీ మాత్రం మామూలుగానే వచ్చిందనీ రాశారు. మీరు చెప్పిన తీరు చూస్తే ఇది ఎక్టోపిక్ బీట్ కావచ్చు. నిజానికి గుండె ఆగదండీ. ఒక స్పందన వేళకు ముందే వచ్చేస్తుంది, ఆ తర్వాత కాస్త విరామం. ఆ విరామంలో గుండె గదుల్లోకి ఎక్కువ రక్తం చేరుతుంది కాబట్టి తర్వాతి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే మరీ తెలుస్తుంది. ఆరోగ్యవంతుల్లోనూ ఇది కనిపించేదే.

ఈసీజీ తీసేది కొన్ని సెకన్లే. ఆ కాసేపట్లో దడ రాకపోతే అందులో ఏమీ దొరకదు. అందుకే ఒంటికి చిన్న యంత్రం తగిలించి 24 లేదా 48 గంటల పాటు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష గురించి డాక్టరును అడగండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, పొటాషియం పరీక్షల గురించీ అడగండి. దడకు రక్తహీనత కారణమని చాలామందికి తట్టదు. ఈలోగా దడ వచ్చినప్పుడు మణికట్టు మీద, బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నిమిషం పాటు నాడి లెక్కపెట్టి రాసుకోండి. విశ్రాంతిలో 60 నుంచి 100 మామూలే. లయ తప్పుతోందా, లేక వేగం మాత్రమే పెరుగుతోందా అన్నదీ గమనించండి. సాయంత్రం కాఫీ మానేసి చూడండి, పోయేదేమీ లేదు.

దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్రం తెల్లారేదాకా ఆగకండి. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి, బండి మీరు నడపకండి. వ్యాయామం చేస్తుండగా దడ వచ్చినా, మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా త్వరగా డాక్టరును కలిసి ఆ సంగతి చెప్పండి.