గంజాయి కంపెనీలో డబ్బు పెట్టబోయే మా అల్లుడికి

కావలి.

చిరంజీవి మధుకి మీ మామ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగుండాం.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆ గంజాయి కంపెనీ ఫైలు చూశాను. ఒంగోలు హోటల్లో మీటింగు పెట్టి, మీ రొయ్యల రైతులందరికీ భోజనాలు పెట్టి చూపించింది ఇదేనన్నావు. "మామా, నువ్వు మందుల కంపెనీలో చేసినోడివి గదా, ఇది ఫార్మానేనా?" అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం నీకు వినపడదు, మిగతా సగం చెరువుకాడ ఏరియేటర్ల మోతలో కలిసిపోద్ది. అందుకే తీరిగ్గా రాస్తుండాను.

గంజాయి మొక్కలోంచి నిజమైన మందు రాలేదని నేననను. వచ్చింది. 1998లో ఇంగ్లండులో జీడబ్ల్యూ ఫార్మాస్యూటికల్స్ అని ఒక కంపెనీ పెట్టారు. మొక్కలో ఉండే సీబీడీ అనే పదార్థాన్ని శుద్ధి చేసి, ఎపిడయోలెక్స్ అని నోట్లో పోసే మందు తయారు చేశారు. పసివయసులో మొదలై ఏ మందుకీ లొంగని లెన్నాక్స్-గాస్టో, డ్రావే అనే రెండు రకాల మూర్ఛలకి అది. 516 మంది రోగుల మీద మూడు ట్రయల్స్ నడిపారు. కొందరికి మందు, కొందరికి మందులేని ఉత్త ద్రవం. ఎవరికి ఏది పోశారో రోగికీ తెలీదు, చూసే డాక్టరుకీ తెలీదు. 2018 జూన్‌లో అమెరికాలో మందుల్ని తనిఖీ చేసే ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అంటే కంపెనీ పెట్టిన ఇరవై ఏళ్లకి. 2021లో జాజ్ ఫార్మాస్యూటికల్స్ ఆ కంపెనీని 720 కోట్ల డాలర్లకి కొనేసింది.

నీ ఫైల్లో ఈ 720 కోట్ల డాలర్ల ముక్క పెద్దక్షరాలతో ఉంది. ఇరవై ఏళ్ల ముక్క యాడా లేదు. అదే కంపెనీ సాటివెక్స్ అనే ఇంకో మందుని క్యాన్సర్ నొప్పికి పరీక్షిస్తే 2015లో ఫేజ్ 3లో, అంటే అనుమతికి ముందు ఎక్కువమంది మీద చేసే పెద్ద ట్రయల్‌లో, ఫెయిలైన ముక్క గూడా లేదు. ఆ సాటివెక్స్ అప్పటికే ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) అనే నరాల జబ్బులో కండరాలు బిగుసుకుపోయేదానికి ఇంగ్లండులో అనుమతి ఉన్న మందే. ఒక జబ్బుకి నిలిచింది ఇంకో జబ్బుకి నిలవలేదు. ఫార్మా అంటే ఈ తలనొప్పి అంతా. ఇట్టాంటి కంపెనీలు జీడబ్ల్యూ అమ్ముడుపోయిన ధర మాత్రం అప్పు తెచ్చుకుంటాయి, అది పడ్డ పాట్లు తెచ్చుకోవు.

ఇప్పుడు నీ ఫైల్లోకి వస్తా. మార్కెట్ స్లైడ్ చూశావా? దేశంలో క్యాన్సరోళ్లు ఇంతమంది, షుగరోళ్లు ఇంతమంది, కీళ్లనొప్పులు, నిద్రపట్టనోళ్లు, మూర్ఛలు, అందర్నీ కూడేసి, "ఇందులో ఒక్క శాతం మనకొచ్చినా చాలు" అని రాశారు. మందుల కంపెనీ అట్ట లెక్క వేయదు. అనుమతి కాగితం మీద జబ్బు పేరు, రోగి వయసు, మోతాదు అన్నీ రాసుంటాయి, ఆ గీత దాటి ప్రచారం చేసుకునేదానికి లేదు. ఎపిడయోలెక్స్‌కి మొదట వచ్చింది రెండు జబ్బులకే. ఇంకొకటి చేర్చేదానికి మళ్లీ ట్రయల్, మళ్లీ దరఖాస్తు. మన దేశంలో అయితే క్యాన్సర్, షుగర్, మూర్ఛ నయం చేస్తామని జనానికి ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఆ స్లైడ్‌ని రేపు కరపత్రం కొట్టి పంచితే ఏమవుద్దో వాళ్లనే అడుగు.

ఇంకోటి గమనించు. ఫైలు మొత్తం మీద సైడ్ ఎఫెక్ట్ ఒక్కటి లేదు. ఎపిడయోలెక్స్ డబ్బాలో వచ్చే కాగితం మీద లివర్ ఎంజైములు పెరగచ్చు, రక్తపరీక్షలు చేయించండి అని రాసుంటది. ముప్పు రాయని మందు కాగితాన్ని నేను నా ఉద్యోగంలో చూళ్లేదు.

తెల్లకోటు, గ్లౌజులు, అద్దాల గది ఫోటో కింద "జీఎంపీ సర్టిఫైడ్, ఫార్మా గ్రేడ్" అని ఉంది. నేను చేసింది క్వాలిటీ డిపార్ట్‌మెంట్లో గాబట్టి దీని సంగతి కాస్త ఎక్కువ చెప్తాను, ఏమనుకోవద్దు. జీఎంపీ అంటే తయారీ పద్ధతి. ఈ బ్యాచ్ ఎట్ట ఉందో వచ్చే బ్యాచ్ అట్టే ఉండాలి. ఎవరు తూకం వేశారు, ఎవరు సంతకం పెట్టారు, గదిలో తేమ ఎంత, అన్నీ రికార్డులో ఉండాలి. ఆ మందు జబ్బు మీద పని చేస్తదా లేదా అనేది జీఎంపీ చెప్పదు. ట్రయల్స్‌లో ఇచ్చే ప్లాసిబోలు గూడా జీఎంపీ ఫ్యాక్టరీలోనే తయారవుతాయి, వాటిలో అసలు మందే ఉండదు. యూరప్‌కి ఎగుమతి చేయాలంటే ఈయూ జీఎంపీ కావాల్సిందే. జర్మనీలో 2017 నుంచి డాక్టరు చీటీ మీద గంజాయి పువ్వు ఇస్తుండారు, కాబట్టి ఆ సర్టిఫికెట్‌కి విలువ ఉంది. అయితే అది సరుకు అమ్ముకునేదానికి అర్హత. పక్కోడికి గూడా అదే సర్టిఫికెట్ వస్తే మీ ఇద్దరి పువ్వుకీ తేడా ధరలోనే.

పేటెంట్ ఉందన్నారంట. దేని మీదో అడుగు. సీబీడీ, మత్తెక్కించే టీహెచ్‌సీల నిర్మాణాన్ని ఇజ్రాయెల్‌లో మెషూలం అనే శాస్త్రవేత్త బృందం 1963, 1964లోనే తేల్చేసింది. ఆ పదార్థం మీద ఇప్పుడు ఎవరికీ పేటెంట్ రాదు. తయారీ పద్ధతి మీదో, కలిపే తీరు మీదో, ఫలానా జబ్బుకి వాడకం మీదో రావచ్చు. "దరఖాస్తు పెట్టాం" అనేది వేరు, "మంజూరైంది" అనేది వేరు. నంబరిస్తే పేటెంట్ ఆఫీసు సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు.

లైసెన్సు ఫోటో మసగ్గా పెట్టారు. పెద్దది చేసి చూశాను. పైన మూలన "ఫారం 25-డి" అని కనపడతా ఉంది. అది ఆయుర్వేద మందులు తయారు చేసుకునేదానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. దొంగది కాదు, ఆయుర్వేదాన్ని నేను తక్కువ చేయడం లేదు. మన శాస్త్రాల్లో విజయ అనే పేరుతో గంజాయి ఆకు ఉంది, దాంతో చట్టబద్ధంగా మందులు అమ్మేవాళ్లూ ఉండారు. కాకపోతే గ్రంథంలో ఉన్న మందు తయారీకి ఫేజ్ 3 ట్రయల్ అడగరు. కొత్త మందుకి ఢిల్లీలో మందుల నియంత్రణ ఆఫీసు సీడీఎస్‌సీవో ఇచ్చే అనుమతి వేరే దారి. నీ ఫైల్లో లైసెన్సు ఆయుర్వేదానిది, షేరుకి అడిగే ధర కొత్త మందు కనిపెట్టిన కంపెనీది. ఈ రెండిటి మధ్య తేడాని నీ జేబులోంచి కట్టమంటుండారు.

"క్లినికల్ ట్రయల్స్ జరుగుతుండాయి" అని గూడా ఉంది. మన దేశంలో ట్రయల్ నడిపితే, ట్రయల్స్ వివరాలు పెట్టే ప్రభుత్వ రిజిస్టరు సీటీఆర్‌ఐలో నమోదు కావాలి, 2009 నుంచి అది తప్పనిసరి. నంబరు అడిగి ఆ సైట్లో కొట్టు. ఎంతమంది రోగులు, ఏ ఆసుపత్రి, ప్లాసిబోతో పోల్చారా, మందు తాగినోళ్లని "ఎట్ట ఉంది" అని అడిగి రాసుకున్నారా, అన్నీ కనపడతాయి. నంబరు లేదంటే ఆ స్లైడ్ అక్కడికి చాలు.

ఇప్పుడు కెనడా సంగతి. అక్కడ డాక్టరు చీటీ మీద అమ్మే రోజుల్లోనే ఈ కంపెనీలు షేర్ మార్కెట్‌కి వచ్చాయి, మేం ఫార్మా అని చెప్పుకుంటానే. టిల్‌రే అనే కంపెనీ 2018 జులైలో అమెరికా షేర్ మార్కెట్ నాస్‌డాక్‌లో 17 డాలర్లకి షేరు అమ్మింది. సెప్టెంబరులో ఒకరోజు 300 తాకింది. 2020 మార్చికి పది డాలర్ల లోపు. కానపీ గ్రోత్ అనేది స్మిత్స్ ఫాల్స్ ఊర్లో హెర్షీ చాక్లెట్ ఫ్యాక్టరీని తీసుకుని గంజాయి పెంచింది. 2018లో కాన్‌స్టలేషన్ అనే సారాయి కంపెనీ దాంట్లో 500 కోట్ల కెనడా డాలర్లు పెట్టేదానికి ఒప్పుకుంది. చూడు, అంత డబ్బు పెట్టినోడు మందుల కంపెనీవాడు కాదు, బీరు అమ్మేవాడు. 2023లో ఆ ఫ్యాక్టరీని మళ్లీ హెర్షీకే అమ్మేశారు.

అరోరా అనే ఇంకో కంపెనీ ఎడ్మంటన్ విమానాశ్రయం పక్కన 8 లక్షల చదరపు అడుగుల గ్రీన్‌హౌస్ కట్టి, ఏడాదికి లక్ష కిలోలు పండిస్తామని ఇన్వెస్టర్లకి చెప్పింది. 2022లో దాన్ని మూసేస్తామని ప్రకటించింది. నీ ఫైల్లో గూడా ఎకరాలు, కిలోలు ఉండాయి, అందుకే ఇది చెప్తుండాను. ఏ మందుల కంపెనీ తన విలువని చదరపు అడుగుల్లో చెప్పదు. కొండపి, టంగుటూరు వేలం కేంద్రాల్లో పొగాకు బేళ్లు చూసినోడివి నువ్వు. పొగాకు బోర్డు లైసెన్సు ఉంది, గ్రేడు ఉంది, ఎగుమతి ఉంది. అయినా పంట ఎక్కువైన ఏడు బేళ్లు కొనేవాడు లేక నోబిడ్ అయ్యి ఇంటికొస్తాయి. లైసెన్సు ఉన్న ఆకు గూడా ఆకే. గంజాయి పండించే కంపెనీని వ్యవసాయం లెక్కన ధర కడితే తప్పులేదు, కొందరు బాగానే సంపాదిస్తారు గూడా.

ఒక చిన్న కిటుకు చెప్తా, ఆడిటర్ దగ్గర నేర్చుకున్నా. కెనడా కంపెనీల లెక్కల్లో "బయొలాజికల్ అసెట్స్" అని ఒక వరస ఉంటది. గదిలో పెరుగుతున్న మొక్కకి ఇప్పుడే మార్కెట్ ధర కట్టి, ఆ పెరిగిన విలువని అమ్మకముందే లాభం వైపు చూపిస్తారు. మోసం కాదు, ఐఏఎస్ 41 అనే రూలు అట్టే చెయ్యమంటది. కానీ ఆ రూలు వ్యవసాయానికి రాసింది. మాత్రలు చేసే కంపెనీ లెక్కల్లో ఆ వరస నాకు కనపడలా. బయట ఫార్మా అని చెప్పి లోపల లెక్కలు పైరు మీద రాసుకునేవాళ్లని చూస్తే నీకే అర్థమవుద్ది. మీవాళ్ల బ్యాలెన్స్ షీట్ అడుగు. కంపెనీల వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్లో కొద్ది ఫీజు కడితే నువ్వే తీసుకోవచ్చు. అందులో రీసెర్చికి పెట్టిన ఖర్చు, ప్రచారానికి పెట్టిన ఖర్చు పక్కపక్కన పెట్టి చూడు.

అచ్చంగా దొంగలు గూడా ఉండారు. అమెరికాలో కొలరాడోలో ఫ్యూజన్‌ఫార్మ్ అనే కంపెనీ పాత షిప్పింగ్ కంటెయినర్లని బాగుచేసి, గంజాయి పెంచుకునేదానికి "ఫార్మ్‌పాడ్స్" అని పేరు పెట్టి అమ్ముతామంది. కృష్ణపట్నం రేవుకాడ నువ్వు చూసే ఇనప పెట్టెలే. 2014లో అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెక్ దాని షేరు ట్రేడింగ్ ఆపింది, 2016లో మోసం కేసు పెట్టింది.

మత్తుమందుల మీద మన చట్టం గూడా తెలుసుకో. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూత కొనలు. కొనలు లేకుండా వట్టి ఆకు, గింజ దాని కిందికి రావు. ఆయుర్వేదంవాళ్ల దారి అదే. ఉత్తరాఖండ్ 2018లో హెంప్ అనే మత్తు తక్కువుండే గంజాయి రకం సాగుకి అనుమతిచ్చింది, అదీ టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉన్న రకానికే. ఇక్కడ మన పొలంలో వేసుకునేదానికి వాళ్ల కాగితం పనికి రాదు. చివరి స్లైడ్‌లో "రైతు భాగస్వామ్యం, పొలం లీజు" అని ఉంది గదా, దానికి మాత్రం ససేమిరా ఒప్పుకోవద్దు. అనుమతి లేకుండా మొక్క పెంచితే పదేళ్ల దాకా జైలు. పొలంలో దొంగసాగు ఉందని తెలిసి భూమి ఆసామి వెంటనే పోలీసులకి చెప్పకపోయినా 46వ సెక్షన్ కింద నేరమే.

ఇక డబ్బు కట్టే పద్ధతి. కంపెనీ లిస్ట్ కాలేదు గాబట్టి ఇది ప్రైవేట్ ప్లేస్‌మెంట్, అంటే కొద్దిమందిని పేరుపేరునా పిలిచి షేర్లు అమ్మడం, అవుద్ది. కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం నీ పేరు మీద పీఏఎస్-4 అనే ఆఫర్ లెటర్ ఇవ్వాలి, ఏడాదిలో 200 మందికి మించి ఇవ్వకూడదు, డబ్బు నీ బ్యాంకు ఖాతా నుంచే పోవాలి, క్యాష్ తీసుకోకూడదు, ప్రకటన ఇవ్వకూడదు. హోటల్లో ఎంతమంది కూర్చున్నారో నీకు తెలుసు. "అడ్వాన్సు కింద కొంత క్యాష్ కట్టండి, సీటు రిజర్వ్ చేస్తాం" అన్నారని చెప్పావు. ఆ ఒక్క మాటకే నేనైతే లేచి వచ్చేసేవాణ్ణి.

వాళ్లకి ఫోన్ చేయొద్దు, మెయిల్ పెట్టు. ఏ పదార్థం, ఏ జబ్బుకి, ఏ ఫేజ్‌లో ఉంది, సీటీఆర్‌ఐ నంబరెంత, పేటెంట్ నంబరెంత, పీఏఎస్-4 ఎప్పుడిస్తారు, ఇవి రాయి. జవాబొస్తే నాకు పంపు, కూర్చుని చూద్దాం. ఆయుర్వేద కంపెనీగా సరైన ధరకి వస్తే కొంచెం పెట్టు, నేనేం అడ్డం పడను. ఈసారి రొయ్యల పట్టుబడి డబ్బులో ముందు మేత బాకీ, సీడు బాకీ తీర్చు. మీ అమ్మ పేరు మీదున్న ఎఫ్‌డీ మాత్రం కదిలించొద్దు. దాన్ని తీసేస్తావని ఆమె నాకు ఫోన్ చేసి చెప్పింది, నేను చెప్పినట్టు అనొద్దు.

మీ మామ