పిల్లలతో జియోకాషింగ్‌కు బయల్దేరే ముందు

చి. సౌ. సుజాతకు,

మామయ్య ఆశీస్సులు. పిల్లలు సెలవుల్లో ఫోను వదలడం లేదనీ, ఆ ఫోనుతోనే బయట తిప్పే ఆట ఏదో ఉందటనీ రాశావు. ఉంది, దాన్ని జియోకాషింగ్ అంటారు. సర్వే శాఖలో అక్షాంశాలు, రేఖాంశాలతో బతికినవాణ్ణి కదా, రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి కూడా అదే.

ఆట పెద్ద కష్టం కాదు. ఎవరో ఒక డబ్బా దాచి, అదెక్కడుందో అక్షాంశ రేఖాంశాల అంకెలుగా యాప్‌లో పెడతారు. మనం వెతికి పట్టుకుని, లోపలున్న లాగ్‌బుక్‌లో పేరు, తేదీ రాసి, మళ్లీ అదే చోట పెట్టేయాలి. పిల్లలు అందులోంచి బొమ్మ తీసుకుంటే, దానికి తీసిపోనిది ఒకటి వెయ్యాలి. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తప్పును ఆపేసింది. అంతకుముందు మామూలు జనం వాడే పరికరం వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపేది. ఆ మార్పు వచ్చిన రెండు రోజులకే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓ బకెట్ దాచాడు. అలా మొదలైంది.

అంకెల దగ్గర జాగ్రత్త. యాప్‌లో చార్మినార్ సుమారుగా ఉత్తరం 17 డిగ్రీల 21.7 నిమిషాలు, తూర్పు 78 డిగ్రీల 28.5 నిమిషాలు అని కనిపిస్తుంది. చుక్క తర్వాత ఉన్నవి సెకన్లు కావు, నిమిషంలో దశాంశాలు. అక్షాంశంలో ఒక నిమిషమంటే నేల మీద దాదాపు 1.85 కిలోమీటర్లు. 21.5ను 21 నిమిషాల 50 సెకన్లు అనుకున్నావో, అర కిలోమీటరు పైనే పక్కకు పోతావు. మీ పెద్దోడికి లెక్కలంటే భయమన్నావుగా, ఈ పని వాడికే అప్పజెప్పు.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడ డబ్బాలు పల్చగా ఉంటాయి, ఉన్నవాటిలో కొన్ని ఎప్పుడో మాయమై ఉంటాయి. చివరిసారి ఎవరికి, ఎప్పుడు దొరికిందో చూడకుండా పిల్లల్ని బండెక్కించకు. ఏడాదిగా ఎవరూ దొరికిందని రాయకపోతే ఆశ పెట్టుకోకు. అందుకే డబ్బాను బట్టి కాదు, చోటును బట్టి ఎంచుకో. మీ చందానగర్‌కు దగ్గర్లోనే అమీన్‌పూర్ చెరువు ఉంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలంలో పొద్దున్నే వెళ్తే వలస పక్షులు కనిపిస్తాయి. డబ్బా దొరక్కపోయినా పెట్రోలు దండగ అనిపించదు.

తోటల్లో వాచ్‌మన్‌ను తప్పించుకుని తిరగొద్దు. ముందే పలకరించి, ఫోను చూపించి, ఇదీ ఆట అని చెప్పు. 2007 ఆగస్టులో లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలిన ఊరు ఇది. పొదల కింద చెయ్యి పెట్టి ఏదో తడుముకునేవాళ్లను చూస్తే ఎవరికైనా టెన్షనే. మీరే డబ్బా దాచాలనుకుంటే లోపలున్నది కనిపించే పారదర్శకమైన డబ్బా తీసుకో, పైన ఆట పేరు తెలుగులోనూ రాయి, స్థలం వాళ్ల అనుమతి తీసుకో. నేల తవ్వి పాతిపెట్టడం ఆట నియమాలకే విరుద్ధం. తినేవి అసలు పెట్టకు, చీమలూ ఉడతలూ లాగేస్తాయి.

కేబీఆర్ పార్కులో మాత్రం ఏమీ దాచే ఆలోచన చెయ్యకు. అది 1998 నుంచి జాతీయ పార్కు. వనస్థలిపురం హరిణ వనస్థలి, చిలుకూరు దారిలోని మృగవని కూడా అంతే. నడిచి రావడానికైతే అవన్నీ మంచివే. కేబీఆర్‌లో మధ్యాహ్నం రానివ్వరు, పొద్దున గానీ సాయంత్రం గానీ వెళ్లాలి.

నాకు బాగా నచ్చేది డబ్బాయే లేని రకం. దాన్ని ఎర్త్‌కాష్ అంటారు. చోటికి వెళ్లి, రాళ్లనూ నేలనూ చూసి, అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపాలి. హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అలాంటి రాళ్లున్న ఊళ్లో ప్లాస్టిక్ డబ్బా కోసం వెతకడమేమిటని నాకు అప్పుడప్పుడూ నవ్వొస్తుంది. యాప్‌లో దగ్గర్లో ఏదీ లేకపోతే మీరే సొంతంగా ఆట కట్టుకోండి. నువ్వు ముందే వెళ్లి ఒక రేల చెట్టు, ఒక జమ్మి, ఒక గుండు రాయి చూసుకుని వాటి అంకెలు చీటీల మీద రాసివ్వు, పిల్లలు కనిపెడతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టునూ చీటీలో చేర్చు. 1908 మూసీ వరదలో దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారంటారు. రోగులు తిరిగే చోటు కాబట్టి అక్కడ మాత్రం గోల చెయ్యనివ్వకు.

గడువున్న ఆట కాదు కాబట్టి తొందరపడొద్దు. చెట్ల కింద ఫోను ఐదారు మీటర్లు తేడా చూపిస్తుంది. చివరి పది మీటర్లలో దాన్ని జేబులో పెట్టేసి కళ్లతో వెతకమను. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టనివ్వకు, కర్రతో తట్టి చూడాలి. వానలు పడ్డాక మరీ జాగ్రత్త, పాములూ తేళ్లూ బయటికొస్తాయి. వయ్యారిభామ తగిలితే చిన్నదానికి దద్దుర్లొస్తాయి, పొడుగు చేతుల చొక్కా వెయ్యి. నీళ్లు, పెన్ను, పాత పేపరు సంచి పట్టుకెళ్లు. దారిలో కనిపించిన చెత్త కొంచెం ఏరుకు రావడం ఈ ఆటగాళ్లలో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు.

ఆదివారం ఎటు వెళ్తున్నారో శనివారం రాత్రే ఫోన్ చెయ్యి. ఏ గేటు తెరిచి ఉంటుందో, బండి ఎక్కడ పెట్టాలో చెబుతాను. అల్లుడికి నా మాటగా చెప్పు, ఎండ ముదరకముందే లేవమని.

ఇట్లు,
మీ మామయ్య