ఎమర్జెన్సీ కిట్‌లోకి ఏ తుపాకి మంచిది? కర్నూలు వరద చూసినవాడిగా నా జవాబు

వరదలు, అల్లర్లు, రోజుల తరబడి కరెంటు లేకపోవడం లాంటి వాటి కోసం ఇంట్లో ఎమర్జెన్సీ కిట్ సిద్ధం చేసుకుంటున్నానని, అందులోకి రివాల్వర్ మేలా, డబుల్ బ్యారెల్ మేలా అని అడిగారు. రెండూ వద్దు. తుపాకి అంటే భయపడేవాడు చెబుతున్న మాట కాదిది. మాది కర్నూలు పాత ఊరు. మా పెదనాయన దగ్గర లైసెన్సు ఉన్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకి, ఉండేది. చిన్నప్పుడు దానికి నూనెగుడ్డ పట్టే పని నాదే. 2009 అక్టోబరు వరదలో ఆ తుపాకి, మా ఇంటిల్లిపాది, పక్కింటివాళ్లు అందరం ఒకే మిద్దె మీద ఉన్నాం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

చట్టం సంగతి ముందు చెప్పేస్తా. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే తుపాకి ముట్టుకోకూడదు. 21 ఏళ్లు నిండాలి, కలెక్టర్ దగ్గర దరఖాస్తు పెట్టాలి, పోలీసు విచారణ జరగాలి, తుపాకి వాడడంలో శిక్షణ పొందినట్టు కాగితం చూపాలి. విదేశీ కిట్ వీడియోల్లో చూపించే 9 ఎంఎం పిస్టల్ మామూలు జనానికి రాదు, అది నిషేధిత బోరు, అంటే జనానికి ఇవ్వని గొట్టం సైజు. మనకు మిగిలేది పాయింట్ 32 రివాల్వర్, పిస్టల్, లేదంటే పన్నెండు బోరు తుపాకి, అలాంటివే. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండుకు మించి ఉండకూడదు కూడా. ఇక ధర. 2014లో కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆడవాళ్ల రక్షణ కోసమని నిర్భీక్ అనే తేలికపాటి రివాల్వర్ తెచ్చింది. అప్పట్లోనే దాని ధర 1.2 లక్షల రూపాయలు దాటింది. ఆ డబ్బుతో మీ వీధిలో ప్రతి ఇంటికీ మంచి కిట్ తయారవుతుంది.

డబ్బు సంగతి అలా ఉంచండి. అసలు చిక్కు ఇంకోటి. ఎమర్జెన్సీ సంచి తలుపు పక్కన ఉండాలి, చీకట్లో చెయ్యి చాస్తే అందాలి, ఇంట్లో ఎవరైనా ఎత్తుకుని పరిగెత్తగలగాలి. తుపాకి దీనికి పూర్తిగా వ్యతిరేకం. తాళం వేసి భద్రంగా పెడతానని రాసివ్వాలి, పిల్లలకు అందకూడదు, లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో వాళ్లు తప్ప ఇంకొకరు పట్టుకుని తిరగకూడదు. అత్తగారి చేతికో, ఇంటర్ చదివే కొడుకు చేతికో ఇచ్చి మీరు వెళ్లండి, నేను వెనకాల వస్తా అనడానికి లేదు. ఆ సంచిలో పెట్టారంటే చట్టం తప్పినట్టు. బీరువాలో పెట్టారంటే అది కిట్‌లో లేనట్టు.

కర్నూలోళ్లకైతే ఇంకో తిరకాసు ఉంది. తుంగభద్ర వంతెన దాటితే 2014 జూన్ 2 నుంచి అది తెలంగాణ. లైసెన్సు మీద ఎక్కడిదాకా చెల్లుతుందో రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే, ప్రాణభయంతో వంతెన దాటి అలంపురం వైపు పోయిన మనిషి కేసులో ఇరుక్కుంటాడు. దీనికి తోడు ఎన్నికలు. కోడ్ వచ్చిందంటే చాలామందికి స్టేషన్‌లో డిపాజిట్ చేయమని నోటీసు వస్తుంది. మా సీమలో ఈ విషయంలో ఇంకాస్త గట్టిగా ఉంటారు. అందులో తప్పు పట్టడానికేం లేదు, ఇక్కడి చరిత్ర అలాంటిది. కానీ వారాల తరబడి ఇంట్లోనే ఉండని వస్తువును ఆపదలో ఆదుకునేదని ఎట్లా అనుకుంటాం?

ఇక వరద సంగతి. ఆ రోజు గాంధీ జయంతి, శుక్రవారం. పైన తుంగభద్ర, ఊరి పక్కన హంద్రీ ఒకేసారి పొంగాయి. కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వస్తుంటే డ్యాం నిండి నీళ్లు వెనక్కి తన్నాయి. నదిలోకి పోవాల్సిన నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. మా వీధిలో మొదట మురుగుకాలువ పొంగింది. వానాకాలంలో మామూలే అనుకుని చీపుర్లు పట్టుకున్నారు ఆడవాళ్లు. కాసేపటికి నీళ్లు గడప దాటాయి. సాయంత్రానికి మంచాలు తేలాయి.

మా పెదనాయన అప్పుడు చేసిన మొదటి పని బీరువా తాళంచెవి వెతకడం. ఆయన్ను తప్పు పట్టను. లైసెన్సు ఉన్న మనిషికి తుపాకి పోతే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే కదా, ఆ టెన్షన్ ఆయనది. తాళంచెవి దొరికి, ఉబ్బిన బీరువా తలుపును ఇద్దరు లాగి, తుపాకి, తూటాల డబ్బా, లైసెన్సు పుస్తకం బయటికి తీసేసరికి నడుం లోతు వచ్చింది. ఆ కాసేపట్లో మా జేజి బీపీ మాత్రలు, గూట్లో ఉన్న బియ్యప్పిండి డబ్బా, ఫ్రిజ్ మీది టార్చి నీళ్లలో కలిశాయి. తాగే నీళ్లు రెండు బిందెలు వంటింట్లోనే ఉండిపోయాయి. చుట్టూ ఇంత నీళ్లుండగా ఆ రాత్రంతా దాహంతో ఉన్నాం. పిల్లోళ్లు ఏడుస్తుంటే కొంగు వానలో తడిపి నోట్లో పిండారు మా పెద్దమ్మ.

మిద్దె మీద మేమే కాదు, పక్కన పెంకుటిళ్ల వాళ్లు కూడా ఎక్కారు. చీరలు ముడేసి తాడు చేసి ఒక ముసలాయన్ను పైకి లాగారు. పెదనాయన తుపాకిని గోనెపట్టాలో చుట్టి పిట్టగోడకు ఆనించి, దాని పక్కనే కూర్చున్నాడు. లేస్తే ఒట్టు. ఎవరి పిల్లాడు ముట్టుకుంటాడో అని ఆయన భయం, అది పక్కన ఉందని మిగతా తల్లుల భయం. ఒకామె తన పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని మిద్దె అవతలి మూలకు పోయి వానలో తడుస్తూ కూర్చుంది. ఈ మూల రేకు కింద చోటుంది రామ్మా అంటే రాలేదు.

అర్ధరాత్రి దాటాక మెట్ల మీద పాము కనిపించింది. నీళ్లు ఎక్కే కొద్దీ అది కూడా మెట్టు మెట్టు పైకి వస్తోంది, పాపం దానికీ ఎక్కడా చోటు లేదు. ఎవరి దగ్గరో సెల్‌ఫోన్ లైటు, ఆ వెలుతురులో నల్లగా మెరిసేది తప్ప ఏ జాతిదో తెలియలేదు. 'అన్నా, కాల్చేయ్' అని వెనక నుంచి కేకలు. పెదనాయన తుపాకి చేతిలోకి కూడా తీసుకోలేదు. 'సిమెంటు మెట్టు రా అది. గుండ్లు తగిలి ఎగిరొస్తే పిల్లోళ్ల కళ్లు పోతాయి. గడకర్ర తీసుకురా' అన్నాడు. బట్టలారేసే గడకర్రతో మెల్లగా తోస్తే పాము పక్కకు తిరిగి నీళ్లలోకి జారిపోయింది. తుపాకి బాగా తెలిసిన మనిషి, తుపాకి పక్కనే ఉన్న మనిషి, ఆపద ముంచుకొచ్చినప్పుడు అడిగింది గడకర్ర. మీరు అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదే.

మర్నాడు మధ్యాహ్నం ఒక పుట్టి, గుండ్రటి చిన్న పడవ, వచ్చింది. చేపలు పట్టే అబ్బాయిలు ఇద్దరు, ఎవరూ పంపకుండానే వీధులెంట తిరుగుతూ జనాన్ని చేరవేస్తున్నారు. జేజిని, పిల్లల్ని ఎక్కించారు. పెదనాయన గోనెపట్టా మూటతో దిగబోతే అందులో ఏముందని అడిగారు. చెప్పాడు. 'పెద్దాయనా, నువ్వు రా, అది వద్దు. పుట్టి ఊగితే ఎవరికి ఏమవుతుందో' అన్నారు. తూటాలు తీసేశానని తుపాకిని మధ్యలో మడత విప్పి ఖాళీ గొట్టాలు చూపించినా ఒప్పుకోలేదు. వదిలేసి రావడానికి ఈయనకు ధైర్యం చాలలేదు, పోయిందంటే కేసు. ఊపిరాడని దమ్ము మనిషి, ఇన్‌హేలర్ లేకుండా ఇంకో రాత్రి ఆ మిద్దె మీద తుపాకికి కాపలా ఉన్నాడు. ఆయనకు తోడుగా మా నాన్న ఆగిపోయాడు. తుపాకి మనల్ని కాపాడుతుందని కొనుక్కుంటాం. ఆ రోజు ఇద్దరు మగవాళ్లు దాన్ని కాపాడుతూ కూర్చున్నారు.

నీళ్లు తీశాక చూస్తే లైసెన్సు పుస్తకం ముద్దయింది. డబ్బాలో ఉన్న తూటాల్లో పాతవి అట్ట తొడుగువి, ఉబ్బిపోయి గొట్టంలోకి దిగలేదు. శక్తిమాన్ బ్రాండు ప్లాస్టిక్ తూటాలు చూడ్డానికి బాగానే ఉన్నాయి కానీ తడిసినవాటిని నమ్మేదెవరు? డూప్లికేట్ పుస్తకం కోసం పెదనాయన తిరిగిన తిరుగుడు పగవాడికి కూడా వద్దు. ఫైల్ మునిగిపోయిందని ఒక ఆఫీసులో, మునిగిందని రాయించుకు రమ్మని ఇంకో ఆఫీసులో. ఇల్లంతా మోకాలి లోతు బురద, బావి నిండా చెత్త, రేషన్ కార్డులు పోయినవాళ్లు వేలమంది లైన్లలో నిలబడి ఉంటే, ఈయన తుపాకి కాగితాల కోసం నిలబడ్డాడు.

అడవిలోకి పోవాల్సి వస్తే వేటాడి తినొచ్చు కదా అని కూడా రాశారు. ఏ అడవి? నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం కింద కుందేలు కూడా కొట్టకూడదు, దుప్పి, జింకల మాట చెప్పనక్కర్లేదు. పొలాల మీద పడే అడవి పందులతో మా రైతులు ఎంత నష్టపోతున్నారో నాకు తెలుసు, పంట రక్షణ కోసం గొట్టం నోట్లోంచి మందు కూరే పాతకాలపు తుపాకికి లైసెన్సు పెట్టుకునే దారి కూడా చట్టంలో ఉంది. కానీ అది పంట కోసం, వరదొచ్చిన రోజు కూర కోసం కాదు. ఈ వేట ఆలోచన మనది కాదు. మంచు కొండల్లో, మైళ్ల దూరంలో ఒక్కో ఇల్లుండే దేశాల్లో తీసిన వీడియోలు చూసి వచ్చింది. అక్కడి మనిషికి ఎలుగుబంటి భయం ఉండొచ్చు. మన ఊళ్లో ఆపదంటే పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు అందరూ మన మిద్దె ఎక్కడమే. వాళ్లను చూసి భయపడాలో, చెయ్యి అందించాలో ముందే తేల్చుకోండి, కిట్ దాన్నిబట్టి ఉంటుంది. ఆ రెండు రాత్రుల్లో మా వీధిలో దొంగతనం జరగలేదు. తర్వాత జరిగాయంటారు, ఖాళీ ఇళ్లలో. ఖాళీ ఇంట్లో దొంగ పడ్డప్పుడు మీ తుపాకి ఏం చేస్తుంది? అదే దొంగ చేతికి పోతుంది.

నాకు అసలు కోపం వచ్చేది ఎక్కడంటే, ఇన్నేళ్లయినా హంద్రీ పక్కన ఇళ్లు కడుతూనే ఉన్నారు. ఏటి గట్టును ప్లాటు అంటున్నారు. వాన పడితే వాట్సాప్‌లో డ్యాం తెగిందనే వాయిస్ మెసేజీలు, అదే జనం అసలు హెచ్చరిక వస్తే చూడరు. ఆ రోజు కూడా డ్యాం తెగిందన్న పుకారుకు జనం అటూ ఇటూ పరిగెత్తి వాగు వైపే పోయారు. ఒక చిన్న రేడియో, సెల్లులతో నడిచేది, ఎవరి దగ్గరైనా ఉండుంటే ఆ పరుగు తప్పేది.

కాబట్టి ఆ 1.2 లక్షల్లో రెండు మూడు వేలు తీసి వీటికి పెట్టండి. మూత గట్టిగా పడే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, క్లోరిన్ మాత్రలు. ఇంట్లో ఎవరు ఏ మందు వాడతారో వారానికి సరిపడా, చీటీతో సహా, జిప్ కవర్లో. ఇన్సులిన్ వాడేవాళ్లుంటే దాన్ని ఐస్ పెట్టెలో ఎలా దాచాలో డాక్టర్ను ముందే అడగండి. ఓఆర్ఎస్, అటుకులు, బెల్లం, వేరుశనగలు. గట్టి నైలాన్ తాడు, చీరల ముళ్లు తడిస్తే జారతాయి. టార్చి, విజిల్. విజిల్ మాట తేలిగ్గా తీసుకోవద్దు, అరిచి అరిచి గొంతులు పోయినవాళ్లను చూశాను. ఆధార్, పట్టాదారు పుస్తకం, బ్యాంకు కాగితాల జిరాక్సులు. గోడ మీద 112 (అత్యవసర సాయం), 108 (అంబులెన్స్), 1070 (విపత్తుల కంట్రోల్ రూమ్) నెంబర్లు పెద్దగా రాయండి. పొడవాటి గడకర్ర ఒకటి మిద్దె మీదే వదిలేయండి. పాము కరిస్తే కట్లు బిగించడం, కోయడం చేయకుండా కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాలని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఇదంతా విన్నాక కూడా లైసెన్సు తీసుకుంటానంటే, ఎమర్జెన్సీ కోసం అని కాకుండా పొలం కోసమో, నిజంగా ప్రాణహాని ఉంటేనో తీసుకోండి. అప్పుడు రివాల్వర్ కంటే డబుల్ బ్యారెల్ నయం. మడత విప్పితే ఖాళీగా ఉందో లేదో కంటికి కనబడుతుంది, మెకానిజం తేలిక. ఇప్పటికే ఇంట్లో ఉంటే, మీ ఇల్లు ఏటి పక్కన పల్లంలో ఉంటే, వానాకాలం ముదరకముందే లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర భద్రత కింద పెట్టి రసీదు తీసుకోండి. చట్టం అందుకు ఒప్పుకుంటుంది. రసీదు జిరాక్సు ఆ జిప్ కవర్లోనే పెట్టండి. మా పెదనాయన 2010 నుంచి అట్లే చేశాడు, జూన్‌లో ఇచ్చి సంక్రాంతికి తెచ్చుకునేవాడు.