మన బడి ఫ్రీమేసన్ లాడ్జ్‌లో చేరే ముందు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మన బడి పూర్వవిద్యార్థుల లాడ్జ్‌లో, అంటే మేస్త్రీల పనిముట్లను నీతికి గుర్తులుగా పెట్టుకున్న ఫ్రీమేసన్ల సోదర సంఘం శాఖలో, నిన్ను చేర్చుకోవడానికి సభ్యుల ఓటు (బ్యాలట్) అయిపోయిందనీ, వచ్చే మీటింగులోనే చేర్చుకునే సెరిమనీ, ఇనిషియేషన్ అనీ సెక్రటరీ చెప్పాడు. చాలా సంతోషం వేసింది. ఆ బడిలో లెక్కలు చెబుతున్నప్పుడు నేను ఈ లాడ్జ్‌లో చేరాను. నువ్వు అక్కడే చదువుకుని ఇప్పుడు చేరుతున్నావు. మన ఇంట్లో నీకు ఈ సంగతులు చెప్పగలిగేది నేనొక్కణ్ణే కాబట్టి రాస్తున్నాను.

ముఖ్యమైనది ముందు చెబుతాను. బడిలో ఎవరి హోదా ఏమిటన్నది లాడ్జ్ గుమ్మం బయటే వదిలెయ్యి. ఇంగ్లండులో బడుల పేరుతో ఉన్న లాడ్జ్‌లు చాలానే ఉన్నాయి. 1888లో మొదలైన ఓల్డ్ వెస్ట్‌మిన్‌స్టర్స్ లాడ్జ్ పాతవాటిలో ఒకటి. వీటిలో అందరూ ఒకే బడి వాళ్లు కావడంతో కొత్తవాడికి మొహమాటం తొందరగా పోతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. కలవగానే నువ్వు ఏ హౌస్, ఏ సంవత్సరం, క్రికెట్ టీమ్‌లో ఉన్నావా అని మొదలుపెడతారు, తర్వాత ఎవరి బ్యాచ్ వాళ్లు ఒకచోట చేరిపోతారు. అలాంటప్పుడు అది లాడ్జ్ కాదు, రీయూనియన్ డిన్నర్. లాడ్జ్ నడిపే పెద్దల్లో ఒకరైన సీనియర్ వార్డెన్ మెడలో మేస్త్రీలు వాడే మట్టం వేలాడుతుంటుంది. అది ఊరికే పెట్టింది కాదు, అందరూ సమానమని గుర్తు. నీకంటే నలభై ఏళ్లు పెద్దవాడి పక్కన కూర్చో. ఆయన హెడ్ బాయ్ అయినా, రోజూ డిటెన్షన్‌లో కూర్చున్నవాడైనా ఒకే రకంగా మాట్లాడు.

మీ నాన్నకు కొంచెం టెన్షన్‌గా ఉంది. ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇది ఏదైనా మతమా?" అని అడిగాడు. హైదరాబాదులో చిన్నప్పుడు గోషామహల్ బారాదరి పక్కనుంచి వెళ్తూ, అందులో ఏవో క్షుద్ర పూజలు జరుగుతాయని విన్నాడట. అది కుతుబ్‌షాహీల నాటి కట్టడం, తర్వాత మేసన్ల చేతికి వచ్చింది. తలుపులు మూసి మీటింగు పెట్టుకుంటే బయట అలాంటి కథలు పుట్టడం సహజం. నాన్నకు నువ్వే వివరంగా చెప్పు. ఇది మతం కాదు. దేవుడి మీద నమ్మకం ఉండాలి, ఏ దేవుడన్నది ఎవరూ అడగరు. లాడ్జ్‌లో మతం, రాజకీయం చర్చకు పెట్టడం నిషిద్ధం. ప్రమాణం మాత్రం మన గ్రంథం మీదే చేస్తాం. నేను భగవద్గీత మీద చేశాను. నీకూ అదే కావాలంటే ఇప్పుడే సెక్రటరీకి చెప్పు, ఆ రోజుకి సిద్ధంగా ఉంచుతారు. మేసన్ అయ్యానని ఇంట్లో చెప్పడానికి ఏ అడ్డూ లేదు. మేసన్లు ఒకరినొకరు గుర్తుపట్టే పద్ధతులు మాత్రమే బయట చెప్పకూడదు.

ఇంటర్నెట్‌లో రిచువల్, అంటే సెరిమనీలో చెప్పే మాటలు, మొత్తం చదివేసి రావద్దు. దొరుకుతుంది, నాకు తెలుసు. ఇనిషియేషన్ జీవితంలో ఒక్కసారే. ఏం జరుగుతుందో తెలియకుండా వెళ్లినవాడికి అది మనసులో నిలిచిపోతుంది. ముందే చదువుకున్నవాడు తర్వాతి లైను కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాడు.

ఆ రోజు దాటాక మాత్రం గట్టిగా చదవాలి. మేసన్రీలో మెట్లను డిగ్రీలంటారు. మొదటి డిగ్రీ ఎంటర్డ్ అప్రెంటిస్, ఆ తర్వాత ఫెలో క్రాఫ్ట్, మాస్టర్ మేసన్. ఒక డిగ్రీ నుంచి పై డిగ్రీకి వెళ్లేముందు కొన్ని ప్రశ్నలకు జవాబులు కంఠస్థంగా చెప్పాలి. మీ నానమ్మ నీ చేత సుమతీ శతకం చెప్పించినట్టే, ముందు గొంతుకు రావాలి, అర్థం తర్వాత నెమ్మదిగా దిగుతుంది. నడుస్తూ పైకి చదువుకో. రిహార్సల్‌కి తప్పకుండా వెళ్లు. వాక్యం మరిచిపోతే కంగారుపడి సొంత మాటలు కలపకుండా ఆగు, పక్కనున్నవాళ్లు అందిస్తారు. లండన్‌లో 1823 నుంచి నడుస్తున్న ఎమ్యులేషన్ లాడ్జ్ ఆఫ్ ఇంప్రూవ్‌మెంట్ అని రిచువల్ సాధన చేసే లాడ్జ్ ఉంది. అందులో ఒక్క మాట కూడా అందించాల్సిన పని లేకుండా సెరిమనీ నడిపినవాళ్లకు వెండి అగ్గిపెట్టె ఇస్తారు. గ్రేట్ క్వీన్ స్ట్రీట్‌లో ఫ్రీమేసన్స్ హాల్ చూడ్డానికి వెళ్లినప్పుడు, వీలైతే అక్కడి వాళ్ల పని ఎలా ఉంటుందో అడిగి తెలుసుకో. ఆ హాల్‌ని 1933లో పూర్తి చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మేసన్ల స్మారకంగా కట్టారు.

మీటింగు తర్వాత భోజనం, ఫెస్టివ్ బోర్డ్ అంటారు. ఇక్కడే మన బడి కనిపిస్తుంది. లాటిన్‌లో గ్రేస్, అంటే భోజనం ముందు ప్రార్థన, చెప్పి మొదలుపెడతాం, బడి పాట పాడతాం. వరుసగా టోస్టులు, అంటే గ్లాసు ఎత్తి ఒకరి పేర శుభం కోరడం, ఉంటాయి, దూరంగా ఉన్న సోదరులను తలుచుకునే టోస్టు కూడా ఉంటుంది. కొత్తగా చేరినవాడి పేర ఒక టోస్టు ఇస్తారు, దానికి నువ్వు లేచి జవాబు చెప్పాలి. రెండు నిమిషాలు చాలు. లాడ్జ్‌కి నీ పేరు ప్రపోజ్ చేసినాయన, దాన్ని బలపరిచి సెకండ్ చేసినాయన ఇద్దరికీ పేరు పెట్టి కృతజ్ఞత చెప్పి, మనసులో అనిపించిన ఒక్క మాట చెప్పి కూర్చో. మద్యం తాగకపోతే నీళ్లతో టోస్టు ఇవ్వచ్చు, నేను ఇన్నేళ్లూ అదే చేశాను. శాకాహారం సంగతి వారం ముందే చెప్పు. అక్కడికి వెళ్లాక చెబితే ఉడకబెట్టిన కూరముక్కలే గతి. ముదురు రంగు సూటు వేసుకో. టై విషయంలో ఒక్కో లాడ్జ్‌ది ఒక్కో పద్ధతి, బడి టై కట్టుకోవచ్చో లేదో ముందే అడుగు.

చందా, భోజనం ఖర్చు, దానం కోసం తిప్పే సంచి, వీటన్నిటికీ ఏడాది బడ్జెట్ వేసుకో. ఇంటి ఖర్చుకు ఇబ్బంది అయ్యేంత ఇవ్వాల్సిన అవసరం లేదు. ఉద్యోగం కోసం, పరిచయాల కోసం మాత్రం వాడుకోవద్దు. స్వలాభం కోసం రాలేదని ఆ రోజు నీ నోటితోనే చెబుతావు, అది నిలబెట్టుకో. దానికి బదులు ఆల్మనర్‌తో స్నేహం చెయ్యి. జబ్బుపడినవాళ్లనూ, చనిపోయిన సభ్యుల భార్యలనూ కనిపెట్టుకుని ఉండేది ఆయనే. ఫోన్ చెయ్యడానికీ, కారులో తీసుకెళ్లడానికీ ఆయనకు కుర్రాళ్లు కావాలి. పదవుల కోసం ఎదురుచూడకుండా ఆ పని నీ అంతట నువ్వే అడిగి తీసుకో.

మిగతా బడుల లాడ్జ్‌లకూ వెళ్లి చూడు. వీటిలో కొన్నిటికి కలిపి ఒక కౌన్సిల్ ఉంది, ఏటా ఒక బడి ఆతిథ్యమిచ్చే ఉత్సవం జరుగుతుంది. వేరేవాళ్ల ఆచారాలు చూస్తే మనవాటిలో ఏది మేసన్రీదో, ఏది ఉత్త బడి అలవాటో తెలుస్తుంది.

అక్క కూడా అదే బడిలో చదివింది కదా, తనకెందుకు లేదని అడుగుతోందట. మన లాడ్జ్‌లో ఆడవాళ్లు చేరడానికి లేదు, అది నిజం. కానీ ఇంగ్లండులో ఆడవాళ్లే నడిపే మేసన్ సంస్థలు వందేళ్లకు పైగా ఉన్నాయి. ఇష్టమైతే వివరాలు నేను పంపుతానని చెప్పు.

లాడ్జ్‌లో వేసుకునే తెల్ల గ్లవ్స్ కొనొద్దు, నా దగ్గర కొత్తవి ఒక జత ఉన్నాయి. తేదీ, టైము మెసేజ్ పెట్టు, ముందురోజే వచ్చేస్తాను.

ఇట్లు,
పెదనాన్న