ఉడుత మనల్ని మర్చిపోవాలి

పోయిన సంచికలో ఉడుత పిల్లల గురించి నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం ఉడుతల గురించే అడిగాయి, అందుకే ఈసారి కాలమ్ మొత్తం ఉడుతలకే.

ప్రశ్న: ఏసీ సర్వీసుకి వచ్చిన అబ్బాయి బయటి యూనిట్ వెనకున్న పీచు గూడు లాగి పడేశాడు. అందులో ఇంకా కళ్ళు తెరవని రెండు ఉడుత పిల్లలున్నాయి. మేం ముట్టుకున్నాం కాబట్టి తల్లి ఇక దగ్గరికి రాదని పక్కింటివాళ్ళు అంటున్నారు. ఆవు పాలు పట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీకు ఆ రోజే ఫోన్‌లో చెప్పాను, మిగతావాళ్ళ కోసం మళ్ళీ రాస్తున్నాను. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది ఉత్త మాట. తల్లి ఉడుత పిల్లల కోసం తప్పకుండా వెతుకుతుంది, దొరికితే నోట కరుచుకుని ఒక్కొక్కదాన్నీ ఇంకో గూటికి మోసుకుపోతుంది, చాలాసార్లు ఆ రెండో గూడు ముందే సిద్ధంగా ఉంటుంది కూడా. అందుకే ముందు పాల సంగతి కాదు, తల్లి సంగతి చూడాలి. ఒక చిన్న బుట్టలో మెత్తటి గుడ్డ పరిచి, గోరువెచ్చటి నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టి, పిల్లల్ని అందులో ఉంచి, గూడు ఉన్నచోటికి వీలైనంత దగ్గరలో పిల్లులకీ చీమలకీ అందకుండా కట్టండి. తర్వాత ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకోండి. మీరు అక్కడే నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తుంటే తల్లి రాదు. ఉడుతలు పగటి జీవులు, చీకటి పడ్డాక తిరగవు, కాబట్టి సాయంత్రం వెలుతురు ఉన్నంతసేపూ ఆగొచ్చు, మధ్యలో సీసా నీళ్ళు చల్లారితే మార్చాలి. విజయవాడ తల్లి నాలుగింటికి ఒకదాన్ని పట్టుకెళ్ళి, పది నిమిషాల్లో రెండోదాని కోసం వచ్చిందట. ఆ ఫోన్ వచ్చినప్పుడు నాకెంత సంతోషమైందో చెప్పలేను.

తల్లి రాకపోతే, లేదా చనిపోయిందని ఖాయంగా తెలిస్తే, అప్పుడు మీ పని మొదలవుతుంది. దాని వరస మాత్రం మార్చకండి: ముందు వెచ్చదనం, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే పాలు. ఒళ్ళు చల్లగా ఉన్న పిల్లకి పాలు పడితే అరగవు. చేతికి వెచ్చగా తగిలాక బాగా పలచగా కలిపిన ఓఆర్‌ఎస్ చుక్కలు పట్టండి. ఆవు పాలు, గేదె పాలు వద్దే వద్దు. వాటిలో ఉండే పాల చక్కెర ఉడుత పిల్లకి పడదు, కడుపు ఉబ్బుతుంది, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోతుంది. నేను పెంచబోయిన మొదటి పిల్ల అలాగే పోయింది, ఆవు పాలలో దూది ముంచి ఎంతో ప్రేమగా పట్టాను, రెండో రోజు తెల్లారేసరికి లేదు. పెట్ షాపులో దొరికే కుక్కపిల్లల పాలపొడి తెచ్చుకోండి, ఆ రాత్రికి దొరక్కపోతే ఓఆర్‌ఎస్‌తోనే నెట్టుకురండి.

సూది తీసేసిన ఒక ఎం.ఎల్. సిరంజితో, పిల్ల బోర్లా ఉండగా, చుక్క చుక్కగా పట్టాలి. పసిపాపలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇరవై గ్రాముల పిల్లకి ఒక విడతకి ఒక ఎం.ఎల్. చాలు. కళ్ళు తెరవని పిల్లలకి రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా లేచి పట్టాల్సిందే. ప్రతిసారీ పాలకి ముందూ వెనకా తడి దూదితో కింద మెల్లగా తుడవాలి, అప్పుడే ఒంటికీ రెంటికీ పోతాయి, తల్లి నాలుకతో చేసే పని అది. పిల్లి పన్ను దిగినట్టు చిన్న గాటు కనిపించినా అదే రోజు పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, పిల్లి నోటి క్రిములతో ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. పైకి గాయం చిన్నగానే ఉంటుంది కాబట్టి చాలామంది అక్కడే మోసపోతారు. మీ దగ్గర్లోని అటవీ శాఖ ఆఫీసుకి కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

ప్రశ్న: వేలెడంత ఉన్నప్పుడు దొరికింది. ఒక్కటే. ఇప్పుడు ఐదు నెలలు. చొక్కా జేబులో పడుకునేది, ఇప్పటికీ నా భుజం దిగదు, కానీ మా ఆవిడనీ అమ్మనీ రక్తం వచ్చేలా కరుస్తోంది. ఏమైనా జబ్బా? ఎలా మానిపించాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: జబ్బు కాదండీ, పెద్దదైంది అంతే. ఉడుతలు ఒకేచోట పది కనిపిస్తాయి కాబట్టి గుంపు జీవులని మనం అనుకుంటాం. నిజానికి ఎదిగిన ఉడుత బతుకు ఎక్కువగా ఒంటరి బతుకే. జామచెట్టు కాపుకొచ్చినప్పుడు నాలుగూ చేరతాయి, చేరినా ఒకదానికొకటి దూరం పాటిస్తాయి, ఆ దూరం దాటితే తరుముకుంటాయి. తోక ఎగరేస్తూ అదేపనిగా చిక్ చిక్ చిక్ అని అరుస్తుంటే పిల్లో పామో గద్దో కంటపడిందని అర్థం. ఆ అరుపు పక్క ఉడుతలకే కాదు, సెవెన్ సిస్టర్స్ అనే బూడిదరంగు పిట్టలకీ తెలుసు, అవీ ఇవీ కలిసి నేల మీద మేస్తుంటాయి గమనించండి. అంటే కలిసి జాగ్రత్తపడతాయి గానీ కలిసి కాపురం చేయవు.

చిన్నప్పుడు మాత్రం తోబుట్టువులు ఒకదాని మీద ఒకటి పడి ఆడుకుంటాయి, ఎంత గట్టిగా కొరికితే అవతలిది తిరగబడుతుందో ఆ ఆటలోనే నేర్చుకుంటాయి. మీదానికి ఆ ఆట లేదు. దాని లెక్కలో మీరే ఉడుత, మీ భుజమే దాని చెట్టు, మీ దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఆ చెట్టెక్కే పరాయి ఉడుతలు. పరాయి ఉడుతని కరిచి తరమడం దాని ధర్మం. కొట్టి మానిపించలేరు, దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. కరిచిన చోట మాత్రం సబ్బుతో బాగా కడిగి డాక్టర్‌కి చూపించండి.

మీ మీద ప్రేమ లేదని కాదు, ఉంది. కానీ ఆ ప్రేమే దానికి రేపు ప్రమాదం. మనిషి భుజమంటే భయంలేని ఉడుత వీధిలో ఎవరి భుజమైనా ఎక్కబోతుంది, అందరూ మీలా ఉండరు. అందుకే నేను మొదటి రోజు నుంచీ చెప్పేది, పేరు పెట్టొద్దు, జేబులో తిప్పొద్దు, వీలైతే ఇంకో అనాథ పిల్లతో కలిపి పెంచండి అని. ఇప్పుడు చేయాల్సింది, బయట చెట్టు కింద పెద్ద జాలీ గూడు కట్టి అందులోకి మార్చడం, తిండి పెట్టి వెంటనే వచ్చేయడం. నెల పడుతుందో రెండు నెలలో, మీకే కష్టంగా ఉంటుంది. ఇంకొకటి, వేరుశనగ, పొద్దుతిరుగుడు గింజలే పెడుతున్నానని రాశారు. వాటిలో కాల్షియం తక్కువ. ఎండ కూడా తగలకపోతే ఎముకలు మెత్తబడి వెనక కాళ్ళు ఈడుస్తుంది, వదలడానికి పనికిరాకుండా పోతుంది. మునగాకు, లేత చిగుళ్ళు, జామ, పక్షుల షాపులో కాల్షియం కోసం అమ్మే కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి లోపలి తెల్లటి గుల్ల) పెట్టండి, పొద్దుటి ఎండ తగలనివ్వండి.

ప్రశ్న: రెండింటినీ కలిపే పెంచాం, పదకొండు వారాలు. ఆదివారం చిలుకూరు వైపు అడవిలో వదిలేద్దామనుకుంటున్నాం, కరెక్టేనా?
– భార్యాభర్తలు, హైదరాబాద్

జవాబు: వద్దు. అవి అడవిలో పుట్టలేదు, మీ వీధిలో పుట్టాయి. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే ఈ మూడు చారల ఉడుత ఇళ్ళ పంచన, తోటల్లో బతకడానికి అలవాటుపడిన జీవి. తెలియని చోట, ఎక్కడ దాక్కోవాలో తెలియని రెండు పిల్లల్ని దింపి కారెక్కి వచ్చేస్తే, అక్కడి ఉడుతలు తరిమితే పోవడానికి గూడు ఉండదు, తిండి ఎక్కడుందో తెలియదు.

దొరికిన చోటికి దగ్గర్లోనే వదలండి. రెండు వారాలు బయటి గూట్లో ఉంచితే చుట్టూ అరుపులు, వాసనలు, గద్ద నీడ అన్నీ అలవాటవుతాయి, అక్కడి ఉడుతలు జాలీ అవతల నుంచి వచ్చి చూసి అరిచి పోతాయి, అదీ పరిచయమే. పిల్లిని చూసి పారిపోతున్నాయా, కాయ పగలగొట్టుకుంటున్నాయా, పీచుతో సొంతంగా గూడు అల్లుకుంటున్నాయా చూడండి. ఈ మూడూ వచ్చాక, వాన లేని రోజు పొద్దున్నే తలుపు తీసి పెట్టండి, బయటికి తోయొద్దు. పడుకునే పెట్టె అక్కడే ఉంచి, కొన్ని వారాలు తిండీ నీళ్ళూ పెడుతూ తగ్గించుకుంటూ రండి. రాత్రికి తిరిగొస్తే రానివ్వండి. ఒకరోజు రావు. మీరు పిలిచినా కొమ్మ మీద నుంచి చూసి అరిచి పారిపోతే మీరు బాగా పెంచినట్టు.

ప్రశ్న: మా కొబ్బరి తోటలో నాలుగైదు ఉడుతలు ఒకదాన్ని పొద్దుటినుంచీ తరుముతున్నాయి. చంపేస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది, విడదీయాలా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: విడదీయొద్దమ్మా, ముందు పరిగెత్తేది ఆడది, వెనక ఉన్నవి మగవి. ఎదకొచ్చినప్పుడు ఆడ ఉడుత అరుపుకే అవన్నీ చేరతాయి, ఈ హడావిడి సాయంత్రానికో రేపటికో సద్దుమణుగుతుంది. ఇంకో ఐదు వారాలకు రెండో మూడో పిల్లలు పుడతాయి, పాలు మానడానికి ఆ తర్వాత సుమారు పది వారాలు. అంటే ఈ మూడున్నర నెలల్లో దింపుడుకి మనిషి వచ్చినప్పుడు, మట్టల మధ్య పీచు ఉండలా కనిపిస్తే ఆ చెట్టు శుభ్రం చేయొద్దని, కాయలు మాత్రం దింపమని ముందే చెప్పండి.