వరంగల్ నుంచి వైజాగ్: పెద్దోళ్లు, చిన్నపిల్లలతోని మూడు రోజులు ఎట్ల తిరగాలె?

మీరు అడిగింది ఏందంటే, వరంగల్ నుంచి ఆరుగురం పోతున్నం, ఇద్దరు అరవై దాటినోళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు, చేతుల మూడు రోజులే ఉన్నయ్, వైజాగ్‌ల ఏమేం చూడాలె, ట్రావెల్స్ ప్యాకేజీ తీస్కోవాల్నా వద్దా అని. మాది హన్మకొండ. నేను వైజాగ్ రెండు సార్లు పోయిన, ఒకసారి ప్యాకేజీల పోయి ఆగమైన, ఇంకోసారి మా అమ్మ, బాపు, మా ఆవిడ, ఇద్దరు పిల్లలతోని సొంతంగ తిరిగిన, అంటే లెక్కకు లెక్క మీ లాంటి గుంపే, అందుకని కొంచెం వివరంగ రాస్తున్న.

ముందుగాల ప్యాకేజీ సంగతి. ఒక్క రోజుల పదకొండు పాయింట్లు అని కాయితం మీద రాసిచ్చిండు, చూసి సంబరపడ్డం. పొద్దున తొమ్మిదింటికి బండి ఎక్కిస్తే ప్రతి కాడ "పది నిమిషాలు సార్, ఫోటో దిగి వచ్చేయండి" అనుడే, మల్ల గదే డ్రైవరు ఒక గవ్వల బొమ్మల షాపు కాడ మాత్రం ముప్పావు గంట ఆపిండు, అక్కడ ఆయనకు తొందర లేదు. ఇంకోటి, నేను చేసిన పిచ్చి పని, ఆ రోజు సోమవారం. సబ్‌మెరైన్ మ్యూజియంకు సోమవారం సెలవు. గేటు బయట నిలవడి దాని తోక చూసి వచ్చినం. మీ మూడు రోజులల్ల సోమవారం వస్తదా చూస్కోండి, వస్తే ఆ రోజు అరకుకో సింహాచలంకో పెట్టుకోండి.

రైలు అయితే గోదావరి ఎక్స్‌ప్రెస్ మంచిది, సాయంత్రం పూట వరంగల్‌ల ఎక్కి సర్వపిండి, పెరుగన్నం తిని పడుకుంటే తెల్లారేసరికి వైజాగ్‌ల దిగుతం. ఐదు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం, పెద్దోళ్లకు బస్సు వద్దు. వందే భారత్ కూడ వరంగల్‌ల ఆగుతది గాని పగలు ఒక పూట అంత రైలుకే పోతది. పొద్దుగాల దిగుతరు కాబట్టి హోటల్ బుక్ చేసేటప్పుడే చెకిన్ ఎన్నింటికని అడగండి, మాకు ఒకసారి రూమ్ పన్నెండింటికే అన్నరు, పిల్లలు సామాన్ల మీదనే ఒరిగి నిద్రపోయిన్రు. 24 గంటల చెకిన్ ఇచ్చేటివి స్టేషన్ దిక్కు, ఆర్టీసీ కాంప్లెక్స్ దిక్కు దొరుకుతయ్. బీచ్ ఎదురుంగ రూమ్ అంటే బాగనే ఉంటది గాని రేటు చూస్తే కండ్లు తిరుగుతయ్, స్టేషన్ దిక్కు నుంచి బీచ్ కు ఆటోల ఎంతసేపు, దగ్గరనే.

ఇగ అసలు ముచ్చట. వైజాగ్ అంటే సముద్రం పక్కపొంటి పొడుగ్గ పర్సుకున్న ఊరు. పాయింట్లు లెక్కపెట్టుకుంట అటోసారి ఇటోసారి ఉరికితే టైమంత రోడ్డు మీదనే అయిపోతది. ఒక రోజు ఒక దిక్కు, గంతే. ఇంకోటి మనోళ్లు చాన మంది తప్పు చేసేది, సాయంత్రం బీచ్ ల సూర్యాస్తమయం చూద్దాం అని పోతరు. అది తూర్పు సముద్రం అన్నా, పొద్దు నీళ్లల్ల కెల్లి పొడుస్తది, వెనక ఊరి మీదికి పోయి మునుగుతది. చూడాలంటే పొద్దుగాలనే చూడాలె. మన వరంగల్ కంటే అక్కడ దాదాపు పావుగంట ముందు తెల్లారుతది, అది యాదుంచుకుని అలారం పెట్టుకోండి. పొద్దుగాల కొంతసేపు ఆర్కే బీచ్ రోడ్డు మీద బండ్లు బంద్ పెడ్తరు, పిల్లలు రోడ్డు నడిమిట్ల ఉరికినా భయం లేదు, ముసలోళ్లు కూడ నిమ్మలంగ నడుస్తరు.

మేము పోయిన పొద్దుగాల ఇంక మసక మసకగనే ఉండె. మా అమ్మ అరవై మూడేండ్లల్ల సముద్రం చూసుడు అదే మొదలు. ఇసుక కాడ చెప్పులు ఇడిచి, చీర కుచ్చిళ్లు చేత్తోని పట్టుకుని చాన సేపు నిలవడ్డది, ఏం మాట్లాడలే. ఏమనిపిస్తుందే అమ్మా అని అడిగిన. "ఇంత పెద్ద చెరువుకు కట్ట ఏదిరా" అన్నది. కొద్దిసేపైనంక మల్ల, "నిండితే మత్తడి ఎటు దుంకుతది?" మా బాపు పక్కకెళ్లి నవ్వుతనే ఉన్నడు. పాకాల, లక్నవరం, రామప్ప చెరువుల నడుమ పుట్టిన మనిషి, నీళ్లు అంటే కట్ట, తూము, మత్తడి ఉండాలె ఆమె లెక్కల. ఇప్పటికీ మా ఇంట్ల ఆ మాట నడుస్తనే ఉంది.

ఆర్కే బీచ్ ల నీళ్లల్లకు దిగుడు మాత్రం మోకాళ్ల దాక కూడ వద్దు, నేను ఊరికెనే భయపెట్టుడు కాదు, అక్కడ అలలు వెనక్కి గుంజే గుంజుడు చెరువుల ఈత నేర్చినోళ్లకు అందది, ప్రతి ఏడాది పిల్లలు కొట్టుకపోయిన వార్తలు చూస్తనే ఉంటం. స్నానం చెయ్యాలని పిల్లలు పట్టుబడితే రుషికొండకు తీస్కపోండి, శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020ల వచ్చిన బీచ్ అది, లైఫ్‌గార్డులు చూపెట్టిన జాగలనే దిగాలె, అది కూడ మీరు పక్కన ఉండి.

సబ్‌మెరైన్ గురించి. పేరు ఐఎన్ఎస్ కురుసుర, సోవియట్ల తయారైంది, 1969ల మన నేవీల చేరింది, 1971 యుద్ధంల పని చేసింది, 2001ల రిటైరైతే మరుసటేడు దాన్ని ఒడ్డుకు గుంజుకొచ్చి మ్యూజియం చేసిన్రు. పొడుగు 91 మీటర్లు. బయట నుంచి చూస్తే గింతేనా అనిపిస్తది, లోపల పోతెనే తెలుస్తది. ఒక గది నుంచి ఇంకో గదికి పోవాలంటే గుండ్రటి చిన్న కంత, కాలు ముందు పెట్టి, నడుము వంచి, తల వంచి దూరాలె, నేను రెండు సార్లు తల కొట్టుకున్న. పడక మీద పడక, దాని పక్కనే పైపులు, చక్రాలు, మీటర్లు, డెబ్బై ఎనభై మంది గా ఇనుప గొట్టంల దినాల తరబడి ఎట్ల ఉన్నరో. గైడ్లుగ ఉన్నోళ్లు నేవీల పని చేసి రిటైరైనోళ్లు, వాళ్లను అడిగితే మంచిగ చెప్తరు, టార్పెడో గొట్టం కాడ మా పిల్లగాడు అడిగిన ప్రశ్నలకు ఆ పెద్దమనిషి ఓపికకు దండం పెట్టాలె. మోకాళ్ల నొప్పులు ఉన్నోళ్లకు మాత్రం ఆ కంతలు కష్టం, మా అమ్మ మొదటి కంత చూసి "నేను బయట కూసుంట బిడ్డా" అన్నది. ఎదురుంగ రోడ్డు అవతల టీయూ-142 అని పెద్ద నేవీ విమానం ఉంటది, అది 2017ల మ్యూజియం అయ్యింది, అది సులువే, పెద్దోళ్లను అటు పంపొచ్చు. ఆడనే విక్టరీ ఎట్ సీ స్మారకం కూడ ఉంది, 1971 డిసెంబర్‌ల పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది ఇదే తీరం దగ్గర్ల. ముందు ఈ సంగతి పిల్లలకు చెప్పి లోపలికి తీస్కపోతే వాళ్లు చూసే తీరే వేరుంటది.

మొదటి రోజుకు ఇది చాలు, సాయంత్రం కైలాసగిరి. రోప్‌వే ఎక్కి పోతే పిల్లలకు పండుగ, పైన శివపార్వతుల తెల్ల విగ్రహాలు, చుట్టూ తిరిగే బొమ్మ రైలు, ఇవన్నీ సరే గాని నాకు నచ్చింది అక్కడి నుంచి కిందికి చూస్తే ఒడ్డు కొడవలి లెక్క వంగి కనపడుడు. బీచ్ మీద ముంత మసాలా తినండి, మన మరమరాల మిక్చర్ కు తమ్ముడు అనుకోండి, నిమ్మకాయ గట్టిగ పిండమని చెప్పాలె.

భాష సంగతి ఒకటి చెప్పాలె, లేకపోతే మనసున పట్టది. ఆటో ఆయన "బేగి ఎక్కండమ్మా, బేగి" అన్నడు. మా అమ్మ చేతుల ఉన్న బ్యాగు తీసి ముందుగాల ఆటోల పెట్టి, తను కిందనే నిలవడ్డది. వాళ్ల దిక్కు బేగి అంటే జల్ది అని. మనం "గిట్ల గట్ల" అంటే వాళ్లకు నవ్వొస్తది, వాళ్లు "ఏటీ" అంటే మనకు నవ్వొస్తది, సరిపాయె. ఇంక మక్క కంకి అంటే ఎవలకు సమజ్ కాలే, మొక్కజొన్న పొత్తు అనాలె.

రెండో రోజు ఉత్తరం దిక్కు, బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాక. రుషికొండ మీదికెళ్లి 900కే సిటీ బస్సు పోతది, కిటికీ పక్కన సీటు దొరికితే కారు దేనికి, కాని ఆరుగురు కాబట్టి, నడుమ నడుమ దిగాలె కాబట్టి మేము ఆటో మాట్లాడుకున్నం. తెన్నేటి పార్కు కాడ 2020 అక్టోబర్ గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ చూసినం. తర్వాత తొట్లకొండ. ప్యాకేజీలోళ్లు ఇక్కడ ఆపరు, ఆపినా ఐదు నిమిషాలు. రెండు వేల ఏండ్ల నాటి బౌద్ధ భిక్షువుల విహారం, రాతిల తొలిచిన నీళ్ల తొట్లు ఉన్నయ్ కాబట్టి ఆ పేరు. నేవీ వాళ్లు సర్వే చేస్తుంటె బయటపడ్డది. కొండ మీద ఇటుకల స్తూపం మొదళ్లు, భిక్షువుల గదుల గోడలు, కింద సముద్రం, మనుషులు లేరు. మా బాపు ఒక తొట్టి అంచు మీద కూసుని "నీళ్లు ఎక్కడికెళ్లి వచ్చేటియి" అని అరగంట అదే ఆలోచన. కొండ మీద వాననీళ్లు ఆపుకుని బతికిన్రు వాళ్లు, మన కాకతీయులోళ్ల కంటే ఎంతో ముందు.

ఎర్రమట్టి దిబ్బలు కూడ ఇదే తొవ్వల. గాలికి, నీళ్లకు, వేల ఏండ్లల్ల పేరుకున్న ఎర్రటి ఇసుక, వాన కోసి కోసి వాగుల లెక్క చేసింది, ప్రభుత్వం జియో హెరిటేజ్, అంటే కాపాడుకోవాల్సిన నేల వారసత్వం కింద గుర్తించిన జాగ. పిల్లలు దిబ్బలు ఎక్కి జారుతం అంటరు, ఎక్కనియ్యకండి, మట్టి విరిగి పడ్తది, పైగ పాడైతే మల్ల రాదు. తెల్ల బట్టలు వద్దు. ఎండ ఎక్కకముందే చూసి పోవాలె, నీడ అన్న మాట లేదు అక్కడ. భీమిలిల డచ్చోళ్ల పాత సమాధులు ఉన్నయ్, చూస్తే పది నిమిషాలు, దానికన్న గోస్తనీ నది సముద్రంల కలిసే జాగ కాడ కూసోండి.

ఈ గోస్తనీ ఎందుకు చెప్తున్న అంటే, మూడో రోజు అరకు పోతే బొర్రా గుహల కాడ ఇదే నది మల్ల ఎదురైతది. అనంతగిరి కొండలల్ల పుట్టి, బొర్రా సున్నపు రాయిల కెల్లి పారి, అంత దూరం వచ్చి భీమిలి కాడ కలుస్తది. గుహల్ల పైకెళ్లి బొట్టు బొట్టు కారి గడ్డకట్టిన రాళ్లు వేలాడుతుంటయ్, వాటికి శివలింగం అని, ఇంకేదో అని పేర్లు పెట్టి చూపెడ్తరు. మెట్లు మస్తుంటయ్, తడి తడిగ జారుతయ్, పెద్దోళ్లకు చెయ్యి పట్టాలె.

అరకుకు పోయేటప్పుడు రైలే ఎక్కండి, పొద్దుగాల ఏడు కొట్టకముందే కిరండూల్ ప్యాసింజర్ ఉంటది. ఆ లైన్ మీద సొరంగాలే సొరంగాలు, మొత్తం లైన్ల 58 అంటరు. రైలు చీకట్లకు పోంగనే బోగీల పిల్లలంత ఒక్కసారి కూతపెడ్తరు, బయటికి రాంగనే చప్పుడు బంద్, మల్ల సొరంగం మల్ల కూత. నా బిడ్డ వేలు మడిచి లెక్కపెట్టుకుంట ఇరవై దాటినంక నిద్రపోయింది. విస్టాడోమ్ అద్దాల బోగి టికెట్ దొరికితే మంచిది, దొరక్కుంటె మామూలు కిటికీ చాలు. వచ్చేటప్పుడు రోడ్డు మీద వస్తే కాఫీ తోటలు చూడొచ్చు, సిల్వర్ ఓక్ చెట్ల నీడల కాఫీ, ఆ చెట్లకే ఎగబాకిన మిరియాల తీగ. అరకు కాఫీకి 2019ల జీఐ ట్యాగ్, అంటే ఆ జాగ పేరు మీద ఇచ్చే గుర్తింపు వచ్చింది. ఘాట్ రోడ్డు వంకరలకు మా ఆవిడకు రెండు సార్లు వాంతి అయ్యింది, నిమ్మకాయ, కవర్లు దగ్గర పెట్టుకోండి. బొంగు చికెన్ పిల్లలకు కారం అనిపించలే, వెదురు బొంగుల ఆకు మూసి నిప్పుల మీద కాల్చి ఇస్తరు, నూనె ఉండది.

కాని నిజం చెప్పాల్నంటే, మీ పెద్దోళ్లు ఒక్క రోజుల అరకు పోయి వచ్చుడు తట్టుకోరేమో అనిపిస్తే అరకు వదిలేయండి. రాత్రి తొమ్మిదింటికి రూమ్ కు వచ్చినం మేము, బాపు మరునాడు మంచం దిగలే. అట్లయితే మూడో రోజు సింహాచలం పెట్టుకుని, మధ్యాహ్నం పడుకుని, సాయంత్రం మల్ల సముద్రం కాడ కూసోండి. మన యాదగిరిగుట్ట స్వామే, కాని ఇక్కడ వరాహ నరసింహుడు ఏడాది పొడుగూత చందనం ముద్దల దాసుకుని లింగం ఆకారంల కనపడ్తడు, నిజరూపం అక్షయ తదియ ఒక్క రోజే. మా అమ్మ "నరసింహస్వామి అని శివుని గుడికి తెచ్చినవేందిరా" అన్నది మొదలు. కప్పస్తంభం కౌగిలించుకుని మొక్కుకుంటరు. కింద నుంచి కొండ మీదికి దేవస్థానం బస్సులు ఉన్నయ్, దిగేటప్పుడు అనాస పండ్లు కొనండి, ఆ కొండల మీద పండేటివి.

తిండికి భయపడకండి. వంజరం ఫ్రై తిని మా బాపు "కొర్రమట్ట రుచి దీనికేడిది" అన్నడు గాని ప్లేట్ల ముల్లు కూడ మిగలలే. తెచ్చుకునేటివి అంటే మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం.

ఒకవేళ జనవరిల పోతే చలి వాతావరణం, బాగుంటది, అరకుల స్వెట్టర్లు కావాలె. సంక్రాంతికి ముందు వెనక మాత్రం అటు పోయే రైళ్లల్ల నిలవడే జాగ కూడ ఉండది, అరవై రోజుల ముందు బుకింగ్ తెరుస్తరు కదా, ఆ పొద్దుగాలనే పోయేటివి వచ్చేటివి రెండు కొట్టేయండి, పెద్దోళ్లకు కింది బెర్త్ పెట్టుడు మర్వకండి.